కార్నర్ కొట్టాలంటే ట్రాక్ ఎక్కాల్సిందే

గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే నేను మూల వైపు టికెట్టే తీసుకుంటాను. గోల్ పడేది సరిగా కనపడకపోయినా అక్కడొక తమాషా ఉంది. కార్నర్ కిక్ కొట్టేవాడు జెండా దగ్గర బంతి పెట్టి, దాన్నే చూస్తూ వెనక్కి నాలుగడుగులు వేస్తాడు. మొదటి అడుగు గడ్డి మీద పడుతుంది. మిగతా మూడూ పరుగు పందేల ట్రాక్ వైపు వెళ్లిపోతాయి. బూటు అడుగున మారిన నేల తెలుస్తుందేమో, ఒక్క క్షణం కిందికి చూసుకుని మళ్లీ తలెత్తుతాడు.

మొదటిసారి నాతో వచ్చిన ఆఫీసు తమ్ముడు అది చూసి, "ఇంత పెద్ద గ్రౌండ్ కట్టిన్రు, మూలకు జాగా ఇడిసిపెట్టలే ఏందన్నా?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పాలంటే మాత్రం మన ఐటీ కారిడార్‌లో మైదానాల గురించి చలామణీలో ఉన్న అపోహలు కొన్ని విప్పాలి.

అపోహ: గచ్చిబౌలిది ఫుట్‌బాల్ స్టేడియం.

టీవీలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మ్యాచులు చూసి ఏర్పడిన నమ్మకం ఇది. దాని పూర్తి పేరు జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టారు. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో సైనికుల ప్రపంచ క్రీడలు, ఇలా పరుగులూ దూకుళ్లూ విసుర్లూ ఉన్న పెద్ద పండుగల కోసం పుట్టిన మైదానం. చుట్టూ ట్రాక్ ఆ ఇంటి యజమాని. మధ్యలో గడ్డి మీద ఆడే ఫుట్‌బాల్ అద్దెకు దిగిన కుటుంబం. ఆ ప్రాంగణంలో యజమానులు మారడం కొత్తేమీ కాదు. క్రీడాకారులు బస చేయాల్సిన పొడవాటి భవనం 2020లో కోవిడ్ రోగుల కోసం టిమ్స్ ఆసుపత్రి అయింది.

ఆ అద్దె కుటుంబం హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా విచిత్రం. 2019 నవంబరు 2న ఇక్కడ తొలి హోమ్ మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించింది. తర్వాత కోవిడ్ వచ్చి రెండు సీజన్లు గోవాకే పరిమితమయ్యాయి. 2022 మార్చి 20న ఐఎస్ఎల్ కప్పు గెలిచింది కూడా అక్కడే, ఫతోర్దాలో, మళ్లీ అదే బ్లాస్టర్స్ మీద, పెనాల్టీ షూటౌట్‌లో. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతులు ఆ రాత్రి మామూలుగా పనిచెయ్యలేదు. అంటే మన ఊరి జట్టు చాంపియన్ అయిన సీజన్లో మన ఊళ్లో ఒక్క ఐఎస్ఎల్ మ్యాచ్ కూడా జరగలేదు. 2025లో ఆ క్లబ్ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి పేరు కూడా మార్చేసుకుంది.

అపోహ: ట్రాక్ ఉంటే ఏమైంది, లోపల బోలెడంత జాగా.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, కాగితం పెన్సిలు చాలు. ప్రామాణికమైన 400 మీటర్ల ట్రాక్‌లో రెండు తిన్నటి భాగాలు ఒక్కోటి 84.39 మీటర్లు. రెండు చివరలా 36.5 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తాలు. మధ్యలో మిగిలే జాగా 73 మీటర్ల వెడల్పు, 157 మీటర్ల పైచిలుకు పొడవు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి సిఫారసు చేసే కొలత 105 బై 68. బ్రహ్మాండంగా పట్టేస్తుంది కదా అనిపిస్తుంది. పట్టేది మధ్యలో. మూలల్లో కాదు.

ఎందుకంటే పొడవు 105 మీటర్లున్న దీర్ఘచతురస్రం తిన్నటి భాగాన్ని దాటి ఇటూ అటూ పది మీటర్ల చొప్పున వంపులోకి జొరబడుతుంది. వంపు మొదలయ్యాక వెడల్పు తగ్గుతూ వస్తుంది. మూల దగ్గర లెక్క కట్టి చూస్తే కార్నర్ జెండాకీ ట్రాక్ లోపలి అంచుకీ మధ్య పక్కకు మిగిలేది మీటరు! కార్నర్ కొట్టేవాడి వెనక్కి అడుగులు ఎక్కడ పడతాయో ఇప్పుడు తెలిసిందిగా. అందుకే ఇలాంటి స్టేడియాల్లో మూలల దగ్గర ట్రాక్ మీద కృత్రిమ గడ్డి చాపలు పరుస్తారు. ఆటగాడు జారకుండా, వాడి బూటు మేకులకు సింథటిక్ ట్రాక్ చిరక్కుండా.

గోల్‌పోస్ట్ వెనక పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మూలల్లో మీటరుకు కరువొస్తే అక్కడ జాగా వృథా. గోల్ లైన్ నుంచి ట్రాక్ వంపు వరకు 26 మీటర్లు, ఆపైన ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్లు. మొదటి వరుస కుర్చీకి ముందే 36 మీటర్లు పోయాయి. క్రికెట్ పిచ్ పొడవుకు రెట్టింపు కన్నా కాస్త తక్కువ. మ్యాచ్‌లో అరుపులు ఎందుకు పల్చగా వినిపిస్తాయి, జనం రాలేదేమో అని టీవీ ముందు కూర్చున్నవాళ్లు అనుకుంటారు. జనం వచ్చారు, దూరంగా ఉన్నారంతే. పక్క స్టాండ్లలో కూర్చున్నా టచ్ లైన్‌కి పన్నెండు మీటర్ల ఎడం తప్పదు.

ఇక గడ్డి సంగతి. అథ్లెటిక్స్‌లో ఈ నడిమి జాగా ఖాళీ జాగా కాదు. జావెలిన్, డిస్కస్ వచ్చి పడేది అక్కడే. పురుషుల హ్యామర్ బరువు 7.26 కిలోలు. ఆకాశం నుంచి అది దిగి నేలలో చేసే గుంటను చూసినవాడెవడూ మర్నాడు అదే చోట డ్రిబ్లింగ్ చెయ్యమని ఆటగాణ్ని అడగడు. అందుకే చాలాచోట్ల హ్యామర్‌ని పక్క మైదానానికి తోలేస్తారు. ఆ రకంగా చూస్తే అద్దెకున్నవాళ్ల కోసం ఇంటివాళ్లే అప్పుడప్పుడు బయట పడుకుంటున్నారు.

ఇంత ఇబ్బందిలోనూ పెద్ద ఆటలు జరిగాయి. 2024 సెప్టెంబరు 3న ఇంటర్‌కాంటినెంటల్ కప్పులో మారిషస్‌తో భారత జట్టు 0-0 డ్రా చేసుకుంది. హైదరాబాద్‌కి కప్పు తెచ్చిన మనోలో మార్క్వెజ్ జాతీయ కోచ్‌గా తొలి మ్యాచ్ అది, అదీ తన పాత ఇంట్లో. అదే ఏడాది డిసెంబరు 31 రాత్రి సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. గోల్ పడింది ఇంజురీ టైమ్‌లో, రాబీ హాన్స్‌దా కాలి నుంచి. నగరమంతా కొత్త సంవత్సరం కోసం ఎదురుచూస్తున్న రాత్రి అది.

అపోహ: అయితే ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో ఆడిస్తే సరి. అంత పెద్ద గ్రౌండ్, ట్రాక్ గొడవా లేదు.

2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్‌కి వచ్చిన దగ్గర్నుంచీ ఈ మాట మా క్యాంటీన్‌లో తరచూ వినపడుతోంది. మెస్సీ చేసింది ప్రదర్శన. సరదా ఆటకీ పోటీ మ్యాచ్‌కీ తేడా ఉంది. కొలత ప్రకారం పడుతుందా అంటే పడుతుంది. ఫుట్‌బాల్ మైదానం నట్టనడుమ నుంచి మూలకు 62 మీటర్లు. అంతర్జాతీయ క్రికెట్‌లో బౌండరీ 59 నుంచి 82 మీటర్ల మధ్య ఉంటుంది. ఇబ్బంది నడిమధ్యలో ఉంది.

క్రికెట్ పిచ్ 20.12 మీటర్ల పొడవు. ఫుట్‌బాల్ సెంటర్ సర్కిల్ అడ్డంగా 18.3 మీటర్లు. రెండూ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పిచ్ ఒక్కటే కాదు, పక్కపక్కనే అరడజను పిచ్‌లు ఉండే నల్ల బంకమట్టి చదరం అది. టన్నుల బరువున్న రోలర్ నెలల తరబడి నడిపి, నీళ్లు పెట్టి, ఎండబెట్టి, గడ్డిని మిల్లీమీటర్లకు కోసి గట్టిపరుస్తారు. ఫుట్‌బాల్‌కి కావాల్సింది 25 మిల్లీమీటర్ల మెత్తటి గడ్డి. బంకమట్టి మీద ఫుట్‌బాల్ కూడా రబ్బరు బంతిలా ఎగురుతుంది. స్లైడ్ టాకిల్ వేస్తే తొడ చర్మం లేస్తుంది. తొంభై నిమిషాలు ఇరవై ఇద్దరి స్టడ్స్ దిగాక ఆ పిచ్ మీద టెస్టు ఆడమంటే స్పిన్నర్లు తప్ప అందరూ ఏడుస్తారు.

ఈ తగువు మన దగ్గర తలెత్తలేదు గానీ కొచ్చిలో తలెత్తింది. కలూర్ స్టేడియంలో 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం ఫుట్‌బాల్ గడ్డి వేశారు. ఏడాది తిరక్కుండా అక్కడ వెస్టిండీస్‌తో వన్డే పెట్టాలన్నారు. ఆ గడ్డిని తవ్వి పిచ్ వెయ్యొద్దని ఫుట్‌బాల్ అభిమానులు రోడ్డెక్కారు. సచిన్ టెండూల్కర్ సైతం ఆందోళన వెలిబుచ్చాడు. చివరికి 2018 నవంబరు 1న ఆ వన్డే తిరువనంతపురం వెళ్లింది. క్రికెట్ వెనక్కి తగ్గిన సందర్భం మన దేశంలో అరుదే, గుర్తుపెట్టుకోదగ్గది.

పిచ్‌ని వేరేచోట పెంచి ట్రేలో తెచ్చి దించొచ్చు కదా అంటారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ అదే చేస్తోంది, చలికాలం ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, వేసవి క్రికెట్. 2024 టీ20 ప్రపంచకప్‌కి న్యూయార్క్‌లోనూ అదే చేశారు. జూన్ 9న భారత్ 119కే ఆలౌటై, ఆ స్కోరుతోనే పాకిస్తాన్ మీద ఆరు పరుగుల తేడాతో గెలిచింది. ఏ బంతి ఎటు లేస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. పిచ్ చెట్టులాంటిది, వేరు పట్టడానికి టైమ్ కావాలి.

అపోహ: అమెరికాలో ఇలాంటి సర్దుబాట్లు ఉండవు.

ఈ మాట ఎక్కువగా డల్లాస్ నుంచి సెలవులకు వచ్చిన బంధువుల నోట వింటాం. పాపం, అలాంటివి వాళ్లుంటున్న దేశంలోనే ఉన్నాయి. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ అనే పాత బేస్‌బాల్ మైదానంలో 2010 నవంబరు 20న నార్త్‌వెస్టర్న్, ఇల్లినాయ్ కాలేజీ జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాయి. ఆ ఆటకు 110 మీటర్ల పొడవు, 49 మీటర్ల వెడల్పు దీర్ఘచతురస్రం కావాలి. బేస్‌బాల్ మైదానమేమో విసనకర్ర. ఇరికించేసరికి తూర్పు చివర ఎండ్ జోన్ ఇటుక గోడకు తగిలింది. గోడకు మెత్తలు కట్టారు, అయినా గుండె నిబ్బరం రాలేదు. మ్యాచ్ ముందు రోజు ఒక నిర్ణయం తీసుకున్నారు: రెండు జట్లూ పడమర వైపే దాడి చెయ్యాలి! బంతి చేతులు మారిన ప్రతిసారీ అందరూ వెనక్కి తిరిగి అదే దిక్కు. మన గల్లీలో గోడ ఒకవైపే ఉంటే ఇద్దరూ అటే బ్యాటింగ్ చేసినట్టు. ఇల్లినాయ్ 48-27తో గెలిచింది. తర్వాత కదిలించగల సీట్లు పెట్టాకే, 2021లో, రెండు వైపులా ఆడగలిగారు.

డల్లాస్ పక్కనే గ్రాండ్ ప్రేరీలో మరో దారి పట్టారు. 2008లో కట్టిన ఎయిర్‌హాగ్స్ బేస్‌బాల్ స్టేడియాన్ని కూల్చకుండా, పంచుకోకుండా, పూర్తిగా క్రికెట్‌కి మార్చారు. 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. 2024 జూన్ 6న అమెరికా జట్టు సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ని మట్టికరిపించింది కూడా అక్కడే. సగం స్టాండ్లలో తెలుగు వినపడే ఊరు కాబట్టి ఆ రాత్రి వాట్సాప్‌లో మా చుట్టాల హడావిడి మీరే ఊహించుకోండి.

అపోహ: హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ తెలీదు, అందుకే దానికంటూ స్టేడియం లేదు.

1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ ఎస్.ఎ. రహీమ్ సాబ్ చేతిలోనే భారత్ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో బంగారం. ఇంతకన్నా దీనిమీద ఏం రాసినా ఎక్కువే.

అపోహ: ఇప్పుడు టర్ఫ్‌లొచ్చాయి కదా, ఏ ఆటైనా ఆడుకోవచ్చు.

కొండాపూర్, నానక్‌రాంగూడ, కోకాపేట వైపు రాత్రి పదకొండుకి వెళ్తే వలలు కప్పిన పచ్చటి పెట్టెలు వరసగా వెలుగుతుంటాయి. చాలావాటి మీద ఫుట్‌బాల్ గీతలే ఉంటాయి. లోపల ఆడుతున్నది క్రికెట్. ఫుట్‌బాల్ కోసం వేసే కృత్రిమ గడ్డి యాభై మిల్లీమీటర్ల దాకా పొడవు, మధ్యలో ఇసుక, నల్ల రబ్బరు గుళికలు. జారి పడితే దెబ్బ తగలకూడదని ఆ ఏర్పాటు. క్రికెట్‌కి వేసేది పొట్టిగా, బిగువుగా ఉంటుంది. పొడవు గడ్డి మీద టెన్నిస్ బంతి పిచ్ అయ్యాక ఊపిరి పోయినట్టు ఆగిపోతుంది. అందుకే మా బౌలర్లంతా ఫుల్ టాస్ వీరులు, మా బ్యాటర్లంతా యువరాజ్ సింగులు. మే నెల మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ గడ్డి గాలి కన్నా ఎంతో వేడెక్కుతుంది, షూ అడుగు నుంచి తెలుస్తుంది. నిర్వహణ అక్కర్లేదనేదీ ఒట్టి మాటే. గుళికలు చెదిరిన చోట మళ్లీ నింపాలి, పడుకున్న పోగులు బ్రష్‌తో లేపాలి. ఎవరూ లేపరు.

మా ఫుట్‌బాల్ బృందానిది ఇంకో గోడు. సాయంత్రం స్లాట్లన్నీ క్రికెట్ వాళ్లవే. మాకు మిగిలేది ఆదివారం పొద్దున ఆరు. ఒకసారి ఓ టర్ఫ్‌లో అడుగుపెడితే ముందు రాత్రి బ్యాచ్ స్ప్రింగు వికెట్లు గోల్‌పోస్ట్ ముందే వదిలేసి పోయింది. వాళ్లకి గోల్ వల వికెట్ కీపర్. తీసి పక్కన పెడదామని వంగిన మా గోల్‌కీపర్ మధ్య స్టంప్ మీద చెయ్యేసి, ఒక్క క్షణం ఆగి, "అన్నా, ఇద్దరమే వచ్చినం. మిగతావాళ్లు వచ్చేదాకా రెండు ఓవర్లు వేస్తవా?" అన్నాడు.