ముట్లుడుగు వయస్సున శరీరపు బరువు

“తిండి పెరుగలేదు, పని తగ్గలేదు, అయినను నడుము మాత్రము పెరుగుచున్నది.” నలువదియైదేండ్లు దాటిన గృహిణులనేకులు ఈ మాట అనుట మనము వినుచునే యున్నాము. ఇంటిలోనివారు దీనిని నవ్వి త్రోసివేయుదురు. వైద్యుని యొద్దకు పోయినచో “బరువు తగ్గవలెనమ్మా” అను ఒక్క వాక్యముతో సరిపెట్టుటయు కలదు. బరువు ఏల పెరుగును? ఎంత తగ్గవలెను? ఎట్లు తగ్గవలెను? ఈ మూడు ప్రశ్నలను నేటి ప్రసంగమున విచారింతము.

ఈ విచారణకు మన నగరముననే చక్కని ఆధారమొకటి కలదు. తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము చెంత, జాతీయ పోషకాహార సంస్థ నెలకొనియున్నది. 1918లో కూనూరునందు సర్ రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక్క గదిలో ఆరంభించిన ప్రయోగశాలయే దీనికి మూలము. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది. కొరత వలన కలుగు వ్యాధులను తెలిసికొనుటకు పుట్టిన ఆ సంస్థయే 2024లో భారతీయులకై వెలువరించిన 17 ఆహార సూత్రములలో స్థూలకాయమును నివారించు మార్గమును గూడ చెప్పవలసి వచ్చినది. కాలమెట్లు మారినదో దీనివలన తెలియగలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు తెలంగాణమున నూటికి 30 మంది, ఆంధ్రప్రదేశమున 36 మంది.

ఇక మొదటి ప్రశ్న. పండ్రెండు నెలలు వరుసగా బహిష్టు రానిచో ముట్లుడిగినట్లు వైద్యులు నిర్ణయింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ యేట జరుగును. మన దేశమున ఇంచుమించు 46, 47 ఏండ్లకే జరుగుచున్నది. అంతకు మునుపు కొన్ని సంవత్సరముల నుండియే అండాశయములు ఈస్ట్రోజెన్ అను హార్మోనును తగ్గించుచు వచ్చును. ఈ హార్మోను ఉన్నంతకాలము స్త్రీల శరీరమున క్రొవ్వు తొడలయందును, తుంటియందును చేరును. అది తగ్గినపుడు క్రొవ్వు పొట్టలోనికి, ప్రేగుల చుట్టునకు చేరును. మధుమేహమునకు, రక్తపుపోటునకు, గుండె జబ్బునకు దారితీయునది ముఖ్యముగా ఈ లోపలి క్రొవ్వే.

అయినను ఒక్క విషయము స్పష్టముగా గ్రహింపవలెను. బరువు పెరుగుటకు ముట్లుడుగుట ఒక్కటియే కారణము కాదు. అమెరికాలో 1990 దశకము నడుమ ఆరంభమై, వేలకొలది స్త్రీలను ఏండ్ల తరబడి పరిశీలించిన అధ్యయనమొకటి కలదు. బరువు వయస్సుతోపాటు క్రమముగా పెరుగుచునే యుండుననియు, ఈ దశలో క్రొత్తగా జరుగునది క్రొవ్వు వేగముగా హెచ్చి కండ తగ్గుటయనియు అది తేల్చినది. అనగా త్రాసు చూపు అంకె అట్లే యున్నను లోపలి సరకు మారుచున్నదన్నమాట. “వయస్సు మీరగానే శరీరపు జఠరాగ్ని చల్లారినది” అను నమ్మకము గూడ నిలువదు. అనేక దేశముల ప్రజల శక్తి వ్యయమును కొలిచి 2021లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, శరీర పరిమాణమును బట్టి లెక్కించినచో 20 మొదలు 60 ఏండ్ల వరకు ఆ వ్యయము ఇంచుమించు స్థిరముగనే యుండును. కావున ఈ దశ ఒక శాపము కాదు. కండను నిలుపుకొని, తిండిని సవరించుకొన్నచో అదుపులో నుండునదే.

రెండవ ప్రశ్న, ఎంత తగ్గవలెననునది. ఇంట దర్జీ టేపు ఒకటి యున్న చాలును. చివరి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ, ఊపిరి విడిచినపుడు చుట్టుకొలత తీయవలెను. భారత స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో అది హెచ్చరిక. బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో రెండుమారులు భాగించగా వచ్చు సంఖ్య 23కు తక్కువగా నుండుట మనవారికి మేలు. 25 దాటినది స్థూలకాయమే. తగ్గింపు వారమునకు అరకిలో చొప్పున సాగుట క్షేమకరమని పోషకాహార సంస్థ సూచించుచున్నది. బరువు తగ్గుటకు తినునట్టి ఆహారము దినమునకు 1000 కేలరీలకు దిగరాదని గూడ ఆ సంస్థ హెచ్చరించినది.

ఈ హెచ్చరిక ఏల అవసరమో చెప్పుటకు ఆ సంస్థలోనే జరిగిన మరియొక పరిశోధనను పేర్కొనవలెను. డాక్టర్ వీణా శత్రుఘ్న, వారి సహచరులు హైదరాబాదులో స్వల్పాదాయ కుటుంబములకు చెందిన, 30 మొదలు 60 ఏండ్ల స్త్రీలను 289 మందిని పరీక్షించి, ఫలితములను 2005లో ప్రకటించిరి. వారి ఆహారమున దినమునకు సగటున సుమారు 270 మిల్లీగ్రాముల కాల్షియము మాత్రమే యుండెను. తొడ యెముక మెడభాగమున ఎముకలు గుల్లబారిన వారు నూటికి 29 మంది కనబడిరి. ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1200 మిల్లీగ్రాములు కావలెనని నేటి ప్రమాణము. ఈస్ట్రోజెన్ తగ్గినపుడు ఎముక త్వరగా కరగును. ఆ సమయముననే అన్నము మాని, పాలు మాని, పస్తులుండి బరువు తగ్గించుకొన్నచో పోవునది క్రొవ్వు మాత్రమే కాదు. కండయు పోవును, ఎముకయు పోవును. పదేండ్ల తరువాత స్నానాల గదిలో జారిపడిన నాడు ఆ నష్టము బయటపడును. కాబట్టి ఈ వయస్సున బరువు తగ్గుటయనగా క్రొవ్వును విడిచి, కండను ఎముకను కాపాడుకొనుటయే.

మూడవ ప్రశ్న, ఎట్లు తగ్గవలెను? మొదట కంచమును చూతము. మన కంచమున అన్నము కొండవలె నుండును, పప్పు కూరలు దాని అంచున నుండును. దినమున తిను శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45కు మించరాదని పోషకాహార సంస్థ చెప్పుచున్నది. బియ్యము 100 గ్రాములలో సుమారు 350 కేలరీలు కలవు. శ్రమ తక్కువగా గల 55 కిలోల స్త్రీకి దినమున కావలసినది 1660 కేలరీలు. దీనిని బట్టి రెండు పూటలకు కలిపి బియ్యమో, జొన్నలో, గోధుమలో ఇంచుమించు 200 గ్రాములు చాలునని తేలును. ఆ మిగిలిన చోటును ఆకుకూరలు, బీర, సొర, దొండ వంటి కూరగాయలు, పప్పు, పెరుగు, తినువారికి గ్రుడ్డు, చేప నింపవలెను. అదే స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెను. పెసరట్టు, ముద్దపప్పు, ఉడికించిన శనగలు, చల్ల ఇందుకు తోడ్పడును. రాగులలో, నువ్వులలో, తోటకూరలో కాల్షియము పుష్కలము. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కలదు.

కంటికి కనబడని తిండి మరికొంత కలదు. కప్పునకు రెండు చిన్న చెంచాల చక్కెర వేసి మూడు కప్పుల తేనీరు త్రాగినచో సుమారు 30 గ్రాముల చక్కెర లోపలికి పోయినట్లే. దినమంతటికి 25 గ్రాములు మించరాదని నియమము. శనివారము ఉపవాసమని అన్నము మాని, నూనె తేలు ఉప్మాయు సగ్గుబియ్యపు వడలును భుజించినచో ఉపవాస ఫలము దక్కునేమో గాని బరువు తగ్గదు. అన్నిటికంటె ముఖ్యమైనది గృహిణి ఆఖరున ఒంటరిగా కూర్చుండి, పారవేయలేక గిన్నెలోని మిగులును ముగించుట. ఆ పిడికెడన్నము ఆమె ఆకలికొరకు తిన్నది కాదు, ఇంటివారి లెక్క తప్పినందులకు తిన్నది. అందరితో కలసి కూర్చుండి భుజించుటయే దీనికి మందు.

తరువాత నడక. తెల్లవారుజామున ఉస్మానియా ప్రాంగణమున, ఆర్ట్స్ కళాశాల పరిసరములలో, చెట్ల నీడలనుండి నడచువారిలో ఈ వయస్సు స్త్రీలు పెక్కుమంది కనబడుదురు. మంచి అలవాటే. కాని లెక్క తెలిసి నడువవలెను. 60 కిలోల స్త్రీ అరగంట చురుకుగా నడచినచో వ్యయమగునది 100 నుండి 120 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో నున్నది అంతే. నడక ముగించి దారిలో మిరపకాయ బజ్జీలు తినువారు నష్టముతోనే ఇల్లు చేరుదురు. నడక గుండెకు, నిద్రకు, మనస్సునకు చేయు మేలు మాత్రము వేరుగా నుండనే యున్నది. వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ వ్యాయామమును, కనీసము రెండు దినములు కండలకు బలమిచ్చు వ్యాయామమును ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయుచున్నది. ఈ రెండవదానిని మనవారు మరచుచున్నారు. కుర్చీనుండి చేతుల ఆసరా లేక పదిమారులు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి త్రోయుట, రెండు నీటి సీసాలను ఎత్తి దించుట, ఇవన్నియు ఇంటనే చేయదగినవి. మోకాళ్ల నొప్పి గలవారు వైద్యునడిగి ఆరంభించుట మేలు.

ఇదంతయు ఫలించునా యని సందేహింపనక్కరలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున 44 మొదలు 50 ఏండ్ల స్త్రీలు 535 మందితో ఒక ప్రయోగము జరిగినది. మిత భోజనము, నడక నేర్చిన వర్గమున నాలుగున్నర ఏండ్ల తరువాత నూటికి 55 మంది మొదటి బరువునకు సమానముగనో, తక్కువగనో ఉండిరి. తక్కిన వర్గమున అట్టివారు 26 మందియే. ముట్లుడుగుటకు ముందే మేల్కొనుట లాభకరమని దీని సారాంశము.

తెలుగునాట మరియొక విషయము ప్రత్యేకముగా ఆలోచింపదగినది. 2019–21 సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు మన రెండు రాష్ట్రములలోను నూటికి ఎనమండుగురికి పైగా నున్నారు. దేశపు సగటు మూడు మాత్రమే. అండాశయములను గూడ తీసివేసినచో ముట్లుడుగు మార్పులన్నియు ఒక్కమారుగా వచ్చిపడును. ముప్పదియైదేండ్లకే అట్టి చికిత్స పొందిన స్త్రీ, ఏబదవ యేట పడవలసిన జాగ్రత్తను ఆనాటినుండియే పడవలెను. శస్త్రచికిత్సకు అంగీకరించుటకు మునుపు అది తప్పనిసరియా, అండాశయములను నిలుపుదురా అని అడుగుట ఆమె హక్కు.

మందుల మాట. హార్మోను చికిత్స ఒంటి వేడిమికి, నిద్రలేమికి ఉపకరించునే గాని బరువు తగ్గించు మందు కాదు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అను సూదిమందులు బరువును తగ్గించును. వానితోపాటు కొంత కండయు తగ్గును. వానిని వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు. బరువు హఠాత్తుగా పెరిగినను, కారణము లేక తగ్గినను థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకొనవలెను. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తము కనబడినను ఆలసింపక వైద్యురాలిని చూడవలెను.

చివరగా ఇంటిలోని పురుషులకును, బిడ్డలకును ఒక మనవి. తల్లి నడుమును పరిహసించుట సులభము. ఉదయము ఒక అరగంట ఆమెను వంటయింటినుండి విడిపించుట, పాలలో ఆమె వంతును ఆమెకు మిగుల్చుట, రాత్రి ఆమెతో కూడ కంచము ముందు కూర్చుండుట అంతకంటె కష్టమేమియు కాదు. ఆమె ఎముకలలోని బలము ఈ చిన్న పనులపైననే ఆధారపడియున్నది.