విధేయతా ప్రయోగములు – ప్రయోక్త ధర్మము

1961వ సంవత్సరము జూన్ నెలలో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణపు వార్తాపత్రికలో నొక ప్రకటన వెలువడెను. జ్ఞాపకశక్తిని, అభ్యసనమును గూర్చిన శాస్త్రీయ పరిశోధనకు అయిదువందలమంది పురుషులు కావలెననియు, ఒక గంటకు నాలుగు డాలర్లును, దారిఖర్చులకు అర డాలరును ఇయ్యబడుననియు అందు గలదు. పరిశోధన జరుగు చోటు యేల్ విశ్వవిద్యాలయము. నడపినవాడు స్టాన్లీ మిల్‌గ్రామ్ అను యువాచార్యుడు. ప్రకటనలో చెప్పిన విషయము మాత్రము నిజము గాదు. పరిశోధింపబడినది జ్ఞాపకశక్తి గాదు, విధేయత.

ఆ యేడే జెరూసలేములో ఐష్‌మన్ విచారణ జరుగుచుండెను. లక్షలాది యూదులను మృత్యుశిబిరములకు చేరవేసిన యా యధికారి, తాను పైవారి యాజ్ఞలను నెరవేర్చితిననియే వాదించెను. సామాన్యుడు ఆజ్ఞకు లోబడి నిరపరాధిని ఎంతవరకు హింసింపగలడన్నది మిల్‌గ్రామ్ ప్రశ్న. ప్రశ్న గొప్పదే, అందు సందేహము లేదు. కాని దానికి సమాధానము రాబట్టుటకై, సంగతి తెలియని మనుష్యులను ఎట్టి యవస్థలకు గురిచేయవచ్చునన్నది వేరొక ప్రశ్న.

ప్రయోగపద్ధతి యిట్టిది. వచ్చిన యిద్దరిలో గురువెవరో, శిష్యుడెవరో తేల్చుటకు చీటీలు తీయించెడివారు. రెండు చీటీలలోను “గురువు” అనియే వ్రాసియుండును. శిష్యుడుగా కూర్చుండువాడు ముందుగా కుదుర్చుకొన్న మనిషి. శిష్యుడు తప్పు చెప్పినప్పుడెల్ల గురువు ఒక మీట నొక్కవలెను. 15 మొదలు 450 వోల్టుల వరకు 30 మీటలు. శిష్యునకు నిజముగా విద్యుదాఘాతము తగులదు. ఆ సంగతి గురువునకు దెలియదు. 300 వోల్టుల యొద్ద శిష్యుడు గోడను బాదును; పిదప కొంతసేపటికి సడిసప్పుడు లేకుండ పోవును. గురువు వెనుదీసినచో, బూడిదరంగు అంగీ తొడిగిన ప్రయోగాధికారి నాలుగు మెట్లుగా ఒత్తిడి చేయును. మొదటిది మర్యాదగా చేయు కోరిక. నాలుగవది, కొనసాగించుట తప్ప గత్యంతరము లేదను శాసనము.

1963లో ప్రకటితమైన ఫలితము లోకమును కలవరపెట్టెను. 40 మందిలో 26 మంది కడపటి మీట వరకు పోయిరి. ఈ సంఖ్య సుప్రసిద్ధము. అదే వ్యాసమున నమోదైన మరియొక సంగతి అంతగా ప్రచారమునకు రాలేదు. పాల్గొన్నవారు చెమటలు గ్రక్కిరి, వణకిరి, నత్తిపడిరి, పెదవులు కొరికికొనిరి. 14 మంది సందర్భశుద్ధి లేని నవ్వు నవ్విరి. ముగ్గురికి అదుపులేని మూర్ఛవంటి వికారము కలిగెను. వారిలో నొకరి విషయమున ప్రయోగమునే నిలిపివేయవలసి వచ్చెను. వారు క్రూరులు గారు, తాము బాధపడుచు మీట నొక్కినవారు. ఈ బాధ తొలిరోజులలోనే కానవచ్చినను ప్రయోగములు 1962 మే వరకు సాగెను. శాస్త్రము కోరుచున్నదన్న మాటకు లోబడి ఎదుటివాని బాధను కొనసాగనిచ్చుట గదలోని గురువునకు తప్పైనచో, అద్దపు చాటునుండి చూచి వ్రాసికొన్న పరిశోధకునకు అది తప్పు గాకపోవునా?

వంచన చేసిన ప్రయోగములన్నియు ఒక్క తీరువి గావు. మిల్‌గ్రామ్‌నకు గురుస్థానీయుడైన సాలమన్ ఆష్ 1951లో ప్రకటించిన ప్రయోగమున, మూడు గీతలలో నొకటి నాలుగవదానితో సమానమా యని అడిగెడివారు. చుట్టును కూర్చున్నవారు ముందుగా చేసికొన్న ఏర్పాటు ననుసరించి ఏకకంఠముగా తప్పు చెప్పుదురు, తెలియనివాడొక్కడే. తప్పు సమాధానము వినిపించిన సందర్భములలో సుమారు మూడవవంతు సార్లు అతడును గుంపు మాటనే చెప్పెను. ఒక్క తోడు దొరకినచో ఆ లొంగుబాటు మిక్కిలి తగ్గెను. అందును వంచన గలదు. కాని కలిగిన కష్టము కొద్దిపాటి తికమక. పిమ్మట ఆష్ వారితో మాటలాడి నిజమును తెలిపెను. గీత పొడవును తప్పు చెప్పినవాడు ఇంటికి పోయి నిద్రపోగలడు. ఒక మనిషిని చంపితినేమో యని తలచినవాని రాత్రి వేరు.

1964లో డయానా బౌమ్‌రిండ్ అను మనశ్శాస్త్రవేత్త ఈ విషయమునే యెత్తిచూపెను. విశ్వవిద్యాలయమును నమ్మి వచ్చినవాని విశ్వాసమునే సాధనముగా చేసికొని వానిని బాధించుట తగదని యామె వాదము. మిల్‌గ్రామ్ తన సమాధానమున, పిదప పంపిన ప్రశ్నావళికి బదులిచ్చినవారిలో నూటికి 84 మంది తాము పాల్గొన్నందుకు సంతోషించిరని చూపెను. ఈ లెక్క త్రోసిపుచ్చదగినది గాదు. ఆ యనుభవము వలన నిజముగనే మేలు పొందినవారును ఉండవచ్చును. అయినను, పుస్తె కట్టిన పిదప పెండ్లికూతురు సమ్మతి నడిగినట్లున్నదీ వాదము. పైగా బదులడిగినది అదే విశ్వవిద్యాలయము. తనను లొంగదీసిన యధికారమునకే మనిషి యెంత నిర్భయముగా బదులీయగలడో ఆ ప్రయోగమే చెప్పవలెను.

యేల్ గ్రంథాలయమున భద్రపరుపబడిన పత్రములను, ధ్వనిముద్రణములను ఆస్ట్రేలియా రచయిత్రి జీనా పెర్రీ పరిశీలించి 2012లో నొక గ్రంథమును ప్రకటించెను. విద్యుదాఘాతము వట్టిదన్న నిజము పాల్గొన్నవారిలో పెక్కుమందికి ఆనాడే చెప్పబడలేదనియు, నెలల పిమ్మట తపాలాలో వచ్చిన నివేదిక వలననే తెలిసెననియు అందు వెల్లడియైనది. ప్రయోగాధికారి నిర్ణీతమైన నాలుగు మాటలను దాటి వాదించి, బలవంతపెట్టిన సందర్భములును గలవు. ఇచ్చట నీతిదోషమును శాస్త్రదోషమును వేరు చేయుట కష్టము. ఒత్తిడికి హద్దు లేనిచోట విధేయతను కొలిచితిమనుట యెట్లు?

ఈ చిక్కు 1971 ఆగస్టులో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయమున మరింత స్పష్టమయ్యెను. ఫిలిప్ జింబార్డో దినమునకు 15 డాలర్ల చొప్పున కుదిర్చిన 24 మంది యువకులను కైదీలుగను, కావలివారుగను విభజించి నేలమాళిగలో కృత్రిమ కారాగారము నేర్పరచెను. వారు సమ్మతిపత్రముపై సంతకము చేసియుండిరి; విశ్వవిద్యాలయ సంఘపు ఆమోదమును గలదు. కాని కైదీలను నిజమైన పోలీసులు ఇండ్లయొద్ద నిర్బంధింతురన్న సంగతి వారికి ముందుగా చెప్పలేదు. పేర్లకు మారుగా సంఖ్యలు, కాలికి గొలుసు. ఒక కైదీ తాను పోయెదనని కోరినప్పుడు జింబార్డో అతనిని వెంటనే విడువక బేరమాడెను. ఇచ్చటినుండి ఎవరును బయటపడజాలరన్న నమ్మకము మిగిలినవారిలో వ్యాపించెను. జింబార్డో పరిశోధకుడే గాక ఆ కారాగారమునకు అధిపతి కూడ. ఇక ఫిర్యాదు వినువాడెవడు? రెండు వారములు జరుగవలసిన ప్రయోగము ఆరు దినములకే ముగిసెను. చూడవచ్చిన క్రిస్టీనా మాస్లాక్ అను మనశ్శాస్త్రవేత్త గట్టిగా ఆక్షేపించుట యందుకు ముఖ్యకారణము. కావలివాడు కఠినముగా నుండవలెనని నిర్వాహకుడే ప్రోత్సహించిన ధ్వనిముద్రణమును ఫ్రెంచి పరిశోధకుడు తిబో లె టెక్సియే 2019లో చర్చించెను. అధికారము దానంతటదే మనిషిని చెరచునన్న నిర్ణయము అందువలన బలహీనపడినది.

1954లో ఓక్లహోమాలో ముజఫర్ షెరిఫ్ 22 మంది బాలురను వేసవి శిబిరమను పేర చేర్చి, రెండు దళములుగా విడదీసి, పోటీలచే వైరము పుట్టించి, పిదప ఉమ్మడి పనులచే దానిని తగ్గించెను. “మనవారు, పరాయివారు” అను భావము ఎట్లు పుట్టునో దానివలన కొంత తెలిసినది. కాని పదునొకండేండ్ల బాలురకు తాము పరిశీలింపబడుచున్నామన్న యెరుకయే లేదు.

అమెరికాలో 1974లో ఇట్టి పరిశోధనలపై శాసనము వచ్చెను. 1979లో బెల్మాంట్ నివేదిక వెలువడెను. నియమములు వచ్చినచో విజ్ఞానము కుంటుపడునన్న భయము నిజము గాలేదు. జెర్రీ బర్గర్ 2009లో ప్రకటించిన ప్రయోగమున మిల్‌గ్రామ్ పద్ధతినే గ్రహించి, 150 వోల్టుల యొద్ద నిలిపివేసెను. మానసికముగా దెబ్బతినగలవారిని ముందుగనే పరిహరించెను. నిజమును వెంటనే చెప్పెను. సుమారు నూటికి 70 మంది ఆ మీటను దాటుటకు సిద్ధపడిరి. తెలియవలసినది చాలవరకు తెలిసెను. మూర్ఛలు మాత్రము లేవు.

భారతదేశమున భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమావళి ఆరోగ్యమునకు సంబంధించిన సాంఘిక, ప్రవర్తనా పరిశోధనలకును వర్తించును. తప్పనిసరియైనప్పుడు వంచనను అనుమతించినను, నీతిసంఘపు పరిశీలనయు, పిదప సత్యమును తెలుపుటయు అవసరములు. సమ్మతిపత్రము పాల్గొనువానికి తెలిసిన భాషలో నుండవలెననియు అందు గలదు. ఇంట తెలుగును, కచేరీలో వేరొక భాషను వాడుకొను హోసూరు, బళ్లారి, బరంపురము కుటుంబములకు ఇది చిన్న మాట గాదు. కన్నడమునందో, తమిళమునందో, ఒడియాయందో ఉన్న పత్రముపై, దానిని చదువలేని ముదుసలి వ్రేలిముద్ర వేసినంతమాత్రమున సమ్మతించినట్లు కాదు. చదివి వినిపించుమని యడుగుటకును, ఏ క్షణముననైనను కారణము చెప్పకయే లేచిపోవుటకును ఆమెకు హక్కు గలదు. న్యూ హేవెన్‌లోని యా గదిలో నాలుగవ మెట్టున లేదని చెప్పబడినది ఈ గత్యంతరమే.