పోయిన స్టేజీలు

చుట్టాలొస్తే అందరూ చార్మినార్, గోల్కొండ చూపిస్తారు. నేనైతే మా సాగర్ రోడ్డు బస్సు ఎక్కిస్తాను. ఇబ్రహీంపట్నం నుంచి పట్నానికి కండక్టరుగా తిరిగి రిటైరైన వాణ్ణి. చార్మినార్ దగ్గర దొరకని హైదరాబాద్ ఈ దారి పొడవునా ఉంది. కిటికీ పక్కన సీటు దొరకాలి, అంతే.

బస్సెక్కక ముందే చూడాల్సింది మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు. గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన చెరువిది. హుస్సేన్‌సాగర్ ఆయన కాలానిదే, 1578లో మూసీ మీద లేచిన పురానాపూల్ వంతెన కూడా ఆయన కాలానిదే. కొడుకు 1591లో చార్మినార్ కట్టాడు కాబట్టి, వయసులో మా చెరువే పెద్దది. ఎన్నో ఏళ్లు నెర్రెలిచ్చి, 2022 వానలకు నిండి అలుగు పారితే ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది.

బొంగుళూరు గేటు, తుర్కయంజాల్, బీఎన్ రెడ్డి నగర్ దాటి ఎల్బీనగర్‌లో బస్సు మలుపు తిరగ్గానే ఒకప్పుడు ముక్కుకు తెలిసిపోయేది, కొత్తపేట వస్తోందని. ఎండాకాలమైతే మామిడి, మిగతా రోజుల్లో నల్లగొండ బత్తాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అది. 1986 నుంచి అక్కడే నడిచింది. తెల్లారకముందే లారీలు రోడ్డెక్కి నిలబడేవి. లోపల గడ్డి పరిచి మామిడికాయలు కుప్పలు పోసేవాళ్లు. దడువాయి తూకం చెప్పే గొంతు, హమాలీల కేకలు, కమీషన్ ఏజెంట్ల ఫోన్లు, అన్నీ కలిసి ఒక్క మోతగా వినబడేవి.

నాకు గుర్తున్నది మాత్రం మార్కెట్ కాదు, మార్కెట్ నుంచి గంపలతో ఎక్కే ఆడవాళ్లు. వేలం అయిపోయాక మిగిలిన కాయ, దెబ్బ తగిలిన కాయ చవగ్గా కొని, మచ్చలేనివి పైకి, మచ్చలున్నవి అడుక్కి సర్దుకుని కాలనీలకు పోయేవాళ్లు. లగేజీ టికెట్ దగ్గరే మాకు రోజూ పంచాయితీ. ఒక అవ్వ ఉండేది. "గంపకు టికెట్ తియ్యి అవ్వా" అంటే, "గంప నా ఒళ్లె కూసుంటది బిడ్డా, సీటు అడిగిందా నిన్ను?" అనేది. తనకొక్కదానికే డబ్బులిచ్చేది. చిల్లర లేక టికెట్ వెనక రాసిస్తే మాత్రం, దిగేదాకా ఆ టికెట్‌ను ముక్కుపుడకలా చూసుకునేది. ఇప్పుడు ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ప్రయాణమే ఉచితం, జీరో టికెట్. ఆ అవ్వ ఉంటే ఇంకేం పెట్టి కొట్లాడేదో!

2021లో మార్కెట్‌ను అక్కడి నుంచి ఎత్తేశారు. విజయవాడ హైవే మీద బాటసింగారానికి మారింది. 2022 మార్చిలో షెడ్లు కూల్చారు. ఆ జాగా టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? లారీలకు కూడా ఊరి బయటే సుఖం. కానీ రైతు లారీ ఎటు పోయినా పోతుంది, గంప అంత దూరం పోలేదు. పొద్దున్నే కాయ కొని పదింటికల్లా గల్లీలో అమ్ముకునే లెక్క, రెండు బస్సులు మారితే తప్పిపోతుంది. ఆ గంపలు తర్వాత మా బస్సులో నాకు కనబడలేదు.

సమాధులకు ఈ బాధ లేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటి మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి అస్మాన్‌గఢ్ గుట్ట వైపు అడుగుతూ పోతే రేమండ్ సమాధి వస్తుంది. రెండో నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని ఆయన. హిందువులకు మూసా రామ్, ముసల్మానులకు మూసా రహీం. 1798 మార్చిలో పోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలాల చేతుల్లోంచి తుపాకులు లాగేసుకున్నారు. గుట్ట మీద మొనదేలిన రాతి స్తంభం, ముందర గ్రీకు ఫక్కీలో స్తంభాల మంటపం. 2001లో గాలివానకు మంటపం కూలితే మళ్లీ నిలబెట్టారు. పరాయి దేశపు సిపాయి మంటపానికి దొరికిన ఆ రెండో బతుకు పండ్ల షెడ్లకు దొరకలేదు.

మలక్‌పేట, చాదర్‌ఘాట్ వంతెన దాటితే గౌలిగూడ. నా కొలువు మొదలైంది అక్కడి బస్టాండు షెడ్డులోనే. చూడనివాళ్లు నమ్మరు: మధ్యలో ఒక్క స్తంభం లేకుండా అర్ధచంద్రంలా వంగిన ఇనుప రేకుల కప్పు. విమానాల కోసం అమెరికా నుంచి తెప్పించారని, మిసిసిపీ హ్యాంగర్ అని పేరు. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైతే, ఆ బస్సులకు ఈ షెడ్డే ఇల్లయింది. 1994లో మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ కట్టేదాకా జిల్లాల బస్సులన్నీ ఇక్కడి నుంచే. ఆ తర్వాత సిటీ బస్సులకు మిగిలింది. వాన పడితే పక్కన నిలబడ్డ డ్రైవర్ మాట కూడా వినబడేది కాదు, రేకుల మీద అంత మోత. లోపల దేవరకొండ, మాల్, యాచారం అని అరుస్తుంటే, బయట చాయ్ బండి, అరటిపండ్ల బండి, ఊరికి పోయే బస్సు దాటిపోయినవాడికి లాడ్జి.

2018 జూలై 5న ఆ కప్పు ఉన్నదున్నట్టు కూలింది. ముందే చప్పుళ్లు విని బస్సులను, మనుషులను బయటికి పంపేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కూలిన ఇనుము సంగతి సరే. చుట్టూ ఉన్న బండ్లకు గిరాకీ తెచ్చింది బస్సే కదా. బస్సు ఆగని చోట చాయ్ బండి ఎన్నాళ్లు నిలబడుతుంది? 1932 నాటి ఆ బస్సుల్లో ఒక ఆల్బియన్ బస్సును దాచుకున్నాం, మంచి పనే. ఆ బస్సు దగ్గర ఫొటో దిగే పిల్లలకు, అది రాత్రిళ్లు ఎక్కడ నిద్రపోయేదో చెప్పే బోర్డు ఒకటి గౌలిగూడలో పెడితే పెద్ద ఖర్చేం కాదు. కొత్తపేటలో ఇంకోటి పెట్టొచ్చు, గంపల పేరు మీద.