ఒకటి రెండు చోట్ల వాన... ఆ చోటు మన ఉప్పలేనా?

ఉప్పల్ స్టేడియానికి మే నెల వానతో లెక్కలు కుదరవు. 2024 మే 16న సన్‌రైజర్స్, గుజరాత్ మ్యాచ్ ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయింది. వచ్చిన ఒక్క పాయింటుతో హైదరాబాద్ ప్లేఆఫ్స్ చేరింది. మరుసటి ఏడాది మే 5న ఢిల్లీని 133 పరుగులకు కట్టడి చేశాక వాన దిగింది. మ్యాచ్ అక్కడితో ఆగింది, ప్లేఆఫ్స్ ఆశా పోయింది. వరమిచ్చినా కొంప ముంచినా, ఇలాంటి వాన ఉప్పల్ మీద సరిగ్గా ఎన్ని గంటలకు పడుతుందో రెండు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. ఇది వాతావరణ శాఖ చేతగానితనం కాదు. ఆ మబ్బు అప్పటికి పుట్టనే లేదు మరి!

వేసవిలో విదర్భ వైపు నుంచి తెలంగాణ మీదుగా దక్షిణాదికి ద్రోణి సాగుతోందని వార్తల్లో తరచూ వింటాం. ఉత్తరాది పొడిగాలి, బంగాళాఖాతం తేమగాలి ఎదురుపడేది అక్కడే. కింద నాచారం పారిశ్రామికవాడ రేకుల కప్పులు, తారురోడ్లు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడి, అందులోని తేమ నీటిబొట్లవుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి బయటికొస్తుంది. ఆ వేడి గాలిని ఇంకా పైకి తోస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. ఒకసారి మొదలైతే మబ్బు తన ఇంధనాన్ని తానే పుట్టించుకుంటుంది. చూస్తుండగానే పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ నిలబడుతుంది.

దాదాపు అయిదు కిలోమీటర్లు దాటితే నీరు గడ్డకట్టే చలి. అక్కడ గడ్డకట్టిన బొట్లు పైకీ కిందికీ ఊగుతూ పొర మీద పొర పేర్చుకుంటాయి. గాలి మోయలేనంత బరువెక్కాక రాళ్లవానై రాలతాయి. వానతో పాటే చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలను తాకి నలువైపులా పరుగు తీస్తుంది. చినుకు కంటే ముందు గాలిదుమారం రావడం, హోర్డింగులు ఊగడం, కరెంటు పోవడం దాని పనే. ఇంత హంగామా చేసే మబ్బు ఒంటరిదైతే దాని ఆయుష్షు గంటకు మించదు, వెడల్పు కొన్ని కిలోమీటర్లే. నాచారంలో మోకాలి లోతు నీళ్లున్నా ఘట్‌కేసర్‌లో దండెం మీది బట్టలు తడవకపోవచ్చు.

సూచనలో ‘ఒకటి రెండు చోట్ల’ అని రాశారంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతుకు మించి తడవవని లెక్క. మిగతా ముప్పావు వంతు జనం సాయంత్రం వాతావరణ శాఖను తిట్టుకుంటారు! ఇలాంటి వానకు పొద్దుటి సూచన కంటే బేగంపేట డాప్లర్ రాడార్ చూసి ఇచ్చే మూడు గంటల హెచ్చరికే నమ్మదగినది. ఇంకో మాట. ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్ మూడూ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోవి. టీవీలో చూపే హెచ్చరికల మ్యాప్‌లో హైదరాబాద్‌కు ఏ రంగు పడిందని కాదు, మన జిల్లాకు ఏ రంగు పడిందని చూడాలి.

ఇక రెండో రకం వాన. 2020 అక్టోబరు 13 పొద్దున తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. దాని రాక ముందే తెలుసు, భారీ వర్షాల హెచ్చరికలూ వచ్చాయి. తీరం దాటాక బలహీనపడుతూనే తెలంగాణ మీదుగా పడమటికి నడిచింది. సముద్రం నుంచి తేమ మాత్రం దాని వెంటే వచ్చింది. ఆ 24 గంటల్లో బేగంపేటలో 19 సెంటీమీటర్లు కురిసింది. అక్టోబరులో 1903 నాటి 11.7 సెంటీమీటర్ల రికార్డు చెరిగిపోయింది. అక్కడికి పాతిక కిలోమీటర్లు కూడా లేని ఘట్‌కేసర్ మండలంలో, సింగపూర్ టౌన్‌షిప్ దగ్గర కురిసింది ఏకంగా 32 సెంటీమీటర్లు! వాతావరణ శాఖ 20.45 సెంటీమీటర్లు చేరితేనే ‘అత్యంత భారీ’ అంటుంది. చదరపు కిలోమీటరు మీద సెంటీమీటరు వానంటే కోటి లీటర్లు. 32 సెంటీమీటర్లకు ఎంతో వేసుకోండి. ఏ మురుగు కాలువ మోస్తుంది?

వేసవి వానకు రోజు తెలిసినా వేళ తెలియదు. వాయుగుండం విషయంలో వేళ తెలిసింది, ఏ మండలం మీద ఎంత కుమ్మరిస్తుందో తెలియలేదు. రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఉన్న ఆటోమేటిక్ కేంద్రాల విలువ అలాంటి రాత్రే బోధపడుతుంది. బేగంపేట అంకె ఒక్కటే ఉంటే ఆ 32 సెంటీమీటర్లు ఎవరి లెక్కలోకీ వచ్చేవి కావు. ‘తెలంగాణ వెదర్‌మ్యాన్’ లాంటి ఔత్సాహికులు సోషల్ మీడియాలో కాలనీల పేర్లతో సహా వాన కబుర్లు చెప్పగలుగుతున్నారంటే ఈ కేంద్రాల చలవే.

చలికాలపు పొగమంచుకు మాత్రం రాడార్ అక్కర్లేదు. సాయంత్రం ఆకాశంలో మబ్బు లేదు, గాలి కదలడం లేదు, నేలలో తడి ఉంది. ఈ మూడూ కలిస్తే రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. దానికి ఆనుకున్న గాలిలోని తేమ సన్నటి బొట్లుగా తేలుతుంది. మూసీ ఒడ్డు, ఎదులాబాద్ చెరువు లాంటి పల్లపు చోట్ల చల్లగాలి, తేమ రెండూ చేరతాయి కాబట్టి అక్కడ మంచు ఇంకా చిక్కన. తెల్లవారకముందే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాల్సినవాళ్లు ముందురోజు రాత్రే డాబా ఎక్కి ఈ మూడూ చూసుకుంటే చాలు. మంచు పట్టేలా ఉంటే ఎండ ఎక్కాక బయల్దేరవచ్చు.