దూలాల మీది దుమ్ము

రక్తపోటుకు రోజూ వేసుకునే చిన్న మాత్రలో అసలు మందు అయిదు మిల్లీగ్రాములే ఉండొచ్చు. అంత కొంచెం మందును చేత్తో పట్టుకోలేం, అందుకని దానికి ఏదో ఒక పొడి కలిపి బిళ్లగా నొక్కుతారు. ఇందుకు విరివిగా వాడే పొడుల్లో ఒకటి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసే ఈ తెల్లటి పొడికి రుచీ వాసనా ఉండవు. ఒంట్లో అరగదు, హానీ చెయ్యదు.

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఈ పొడి తయారుచేసే సిగాచీ కర్మాగారంలో 2025 జూన్ 30 ఉదయం పేలుడు జరిగింది. 46 మంది చనిపోయినట్టు నిర్ధారించారు. మరో ఎనిమిది మంది ఆనవాలు కూడా దొరకలేదు. చాలామందిని డీఎన్ఏ పరీక్షలతో తప్ప గుర్తుపట్టలేకపోయారు. బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లూ, మన ఊళ్లవాళ్లూ వారిలో ఉన్నారు. మొదటి గంటల్లో వార్తల్లో ‘రియాక్టర్ పేలింది’ అన్న మాటే తిరిగింది. తర్వాత నిపుణుల దృష్టి ఆ పొడి మీదికి, దాన్ని ఆరబెట్టే స్ప్రే డ్రయ్యర్ విభాగం మీదికి మళ్లింది.

మాత్రల్లో కలిపి మింగే పొడి ఒక మూడంతస్తుల భవనాన్ని కూల్చగలదా అని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. కూల్చగలదు. గోధుమపిండి, చక్కెర, మొక్కజొన్న పిండి, పాలపొడి, రంపపు పొట్టు, పసుపు, బొగ్గు, అల్యూమినియం, వీటిలో ఏదైనా సరే, తగినంత సన్నగా, తగినంత పొడిగా ఉంటే పేలగలదు. ఈ సంగతి విజ్ఞానశాస్త్రానికి తెలిసి రెండు వందల ఏళ్లు దాటింది. పేలుడు జరిగిన ప్రతిసారీ జనం మాత్రం కొత్తగా ఆశ్చర్యపోతూనే ఉన్నారు. ఆ ఆశ్చర్యమే నన్ను బాధపెడుతుంది. ముందు పోయినవాళ్ల చావు నుంచి నేర్చుకున్నది తర్వాతి వాళ్లదాకా చేరలేదని దాని అర్థం.

ముందు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. దుంగను అంటించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. దాన్నే చితుకులుగా కొడితే అగ్గిపుల్లకే అంటుకుంటుంది. మంట వస్తువు పైతలం మీదే సాగుతుంది, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ అందేది అక్కడే. ఒక సెంటీమీటరు భుజం ఉన్న చెక్క ఘనానికి ఉన్న పైతలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరులో వందో వంతు భుజం ఉండే కణాలుగా నూరితే కణాలు వంద కోట్లవుతాయి, వాటి పైతలాలన్నీ కలిపి 6,000 చదరపు సెంటీమీటర్లు. చెక్క అంతే ఉంది, మంటకు దొరికిన చోటు మాత్రం వెయ్యి రెట్లు పెరిగింది. గంటసేపు మండాల్సింది సెకనులో చిన్న భాగంలో మండిపోతుంది.

శక్తి మాటకొస్తే, గ్రాము చక్కెర మండితే దాదాపు 4 కిలోకేలరీల వేడి పుడుతుంది. గ్రాము టీఎన్‌టీ పేలితే వచ్చేది సుమారు ఒక కిలోకేలరీ. టీఎన్‌టీ తనకు కావలసిన ఆక్సిజన్‌ను తన అణువులోనే మోసుకొస్తుంది కాబట్టి గాలి అందని చోటా పేలగలదు. చక్కెర గాలి నుంచి తీసుకోవాలి, అందుకే బస్తాలో ఉన్నంతసేపు దానివల్ల భయం లేదు. పొడి పేలాలంటే అయిదు కలిసి రావాలి: మండే పొడి, గాలి, నిప్పు, ఆ పొడి గాలిలో మబ్బులా లేవడం, ఆ మబ్బు నాలుగు గోడల మధ్యో పెట్టెలోనో గొట్టంలోనో బందీ కావడం. మూసి ఉన్న చోట వేడెక్కిన వాయువులు వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్ల దాకా ఒత్తిడి తేగలవు. సాధారణ ఇటుక గోడ అందులో పదో వంతుకే కూలిపోతుంది.

1785 డిసెంబరులో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక రొట్టెల వ్యాపారి గోదాములో ఇలాంటి పేలుడే జరిగింది. కింది గదిలో ఒక కుర్రాడు దీపం వెలుగులో పిండి తోడుతున్నాడు. పై గది నుంచి ఒక్కసారిగా పిండి జారి మబ్బులా లేచింది. దీపం తగిలి భగ్గుమంది. ఇద్దరు కుర్రాళ్లు గాయపడ్డారు. కౌంట్ మొరొజ్జో అనే పండితుడు దీన్ని పరిశీలించి వివరంగా రాసిపెట్టాడు. ఆ ఏడు వానలు లేక పిండి మామూలు కంటే బాగా ఎండి ఉందని కూడా గమనించాడు. ఎండాకాలంలో మన మిల్లుల్లో పనిచేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన గమనిక అది.

తర్వాతి పాఠాలు అంత చవగ్గా రాలేదు. 1844లో ఇంగ్లండులోని హాస్వెల్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 95 మంది పోయారు. విచారణకు ప్రభుత్వం పంపినవారిలో మైకేల్ ఫారడే ఒకరు. గనిలో ఊరే మీథేన్ వాయువు ఒక్కటే కాదు, గోడలకూ నేలకూ పేరుకున్న బొగ్గు ధూళి కూడా మంటను మోసుకుపోయిందని ఆయన, భూగర్భ శాస్త్రజ్ఞుడు లయెల్ కలిసి నివేదిక ఇచ్చారు. అంతటి శాస్త్రవేత్త చెప్పినా గనుల లోకం చెవికెక్కించుకోలేదు. వాయువు లేకుండా ఉత్త ధూళి పేలుతుందా అన్న వాదన మరో అరవై ఏళ్లు సాగింది. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియేర్ గనుల్లో 1,099 మంది చనిపోయాక ఆ వాదన ముగిసింది.

ఆ తర్వాత కనిపెట్టిన ఉపాయం చాలా సాదాసీదాది. గని దారుల్లో సున్నపురాయి పొడి చల్లుతారు. పేలుడు గాలికి బొగ్గు ధూళితో పాటు ఈ రాతి పొడీ లేచి, వేడిని తాగేసి, మంటను అణచేస్తుంది. మన దేశపు బొగ్గు గనుల నిబంధనల్లోనూ ఇది ఉంది. సింగరేణి భూగర్భ గనులకూ అవే నిబంధనలు. అక్కడ చల్లే ఒక్కో గుప్పెడు రాతి పొడికి మూల్యం కూరియేర్‌లో ముందే చెల్లించారు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఒకటుంది. పొడి పేలుళ్లలో ఎక్కువమందిని చంపేది మొదటి పేలుడు కాదు, రెండోది. గాలిలో లేచిన పొడి, ఘనపు మీటరుకు 50 గ్రాములకు అటూ ఇటూ చేరితే చాలా రకాలు పేలే స్థితికి వస్తాయి. 40 గ్రాములు ఉన్న మబ్బులో 25 వాట్ల బల్బు రెండు మీటర్ల దూరం నుంచే సరిగా కనపడదు. అంత దుమ్ములో మనిషి నిలబడి పనిచేయలేడు, ఊపిరే ఆడదు. కాబట్టి మామూలు రోజున మనుషులు తిరిగే హాల్లో గాలి ఎప్పుడూ పేలే స్థితిలో ఉండదు. ఆ స్థితి ఉండేది యంత్రాల కడుపులో: డ్రయ్యర్, బకెట్ ఎలివేటర్, గాలి నుంచి పొడిని వేరుచేసే సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్. మొదటి పేలుడు అక్కడ, చిన్నదిగా జరుగుతుంది. దాని అదురుకు హాల్లోని దూలాల మీద, కేబుల్ ట్రేల మీద, పైపుల మీద, దీపాల మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము ఒక్కసారిగా రాలి గాలిలో లేస్తుంది. వెనకాలే వచ్చిన మంట దాన్ని అంటిస్తుంది. ఆ పేలుడు పక్క హాల్లోని దుమ్మును లేపుతుంది. అలా భవనం నుంచి భవనానికి పాకుతుంది.

ఎంత దుమ్ముకు ఇంత పని జరుగుతుంది? లెక్క చిన్నదే. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన పొడి పరిచి ఉందనుకుందాం. అది ఒక లీటరు. తేలికపాటి పొడి అయితే అర కిలో తూగుతుంది. పైకప్పు అయిదు మీటర్ల ఎత్తున ఉంటే ఆ పొడి లేచి అయిదు ఘనపు మీటర్ల గాలిలో కలుస్తుంది, అంటే ఘనపు మీటరుకు 100 గ్రాములు. పేలడానికి కావలసినదానికి రెండింతలు. ఒక్క మిల్లీమీటరు! చేత్తో తుడిస్తే వేలికి అంటేంత. అందుకే అమెరికా అగ్నిరక్షణ ప్రమాణాల్లో ఒక కొండగుర్తు పెట్టారు. కాగితాలకు పెట్టే పిన్ను క్లిప్పు తీగ మందం, అంటే 0.8 మిల్లీమీటర్ల దుమ్ము, గది నేల వైశాల్యంలో అయిదు శాతం మేర పేరుకుంటే ప్రమాదమున్నట్టే లెక్క. దూలాల మీదిదీ ఆ లెక్కలోకే వస్తుంది.

2003 జనవరిలో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం కిన్‌స్టన్‌లో రబ్బరు వైద్య పరికరాలు చేసే కర్మాగారం పేలి ఆరుగురు చనిపోయారు. అక్కడ నేల అద్దంలా ఉండేదట, శుభ్రతకు లోటు లేదు. రబ్బరు షీట్లు అంటుకోకుండా నీళ్లలో కలిపి పూసే పాలిథిలిన్ పొడి ఆరిపోయి, అతి సన్నటిది గాలితో పైకి పోయి, ఫాల్స్ సీలింగ్ వెనక పేరుకుంది. కింద తుడిచేవాళ్లకు అది కనపడే దారే లేదు. ఈ సంఘటన గురించి చదివినప్పటి నుంచి నేను ఏ కర్మాగారంలో అడుగుపెట్టినా ముందు తల పైకెత్తి చూస్తాను.

అదే దేశంలో జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ కర్మాగారం కథ ఇంకా చెప్పుకోదగ్గది. చక్కెర నిల్వచేసే పెద్ద సైలోల కింద సొరంగంలో చక్కెరను మోసే కన్వేయర్ బెల్టు ఉండేది. చక్కెరలో చెత్త పడకూడదని 2007లో ఆ బెల్టు చుట్టూ ఉక్కు పలకలు బిగించారు. ఉద్దేశం మంచిదే. అయితే అంతవరకు విశాలమైన సొరంగంలోకి చెదిరిపోయిన చక్కెర దుమ్ము అప్పటి నుంచి ఆ ఇరుకు పెట్టెలోనే నిలిచిపోయింది. దాన్ని లాగేసే ఏర్పాటు లేదు, పేలితే ఒత్తిడి బయటికి పోయే కిటికీలూ లేవు. 2008 ఫిబ్రవరి 7 రాత్రి, బహుశా వేడెక్కిన ఒక బేరింగ్ వల్ల, ఆ పెట్టెలోని మబ్బు అంటుకుంది. అక్కడితో ఆగవలసిన పేలుడు ప్యాకింగ్ హాళ్లన్నిటిలో పేరుకున్న చక్కెర దుమ్మును వరసగా లేపుకుంటూ పోయింది. ఎనిమిది మంది అక్కడికక్కడే పోయారు, ఆరుగురు కాలిన గాయాలతో ఆస్పత్రిలో పోయారు. 36 మంది గాయపడ్డారు. విచారణ జరిపిన అమెరికా రసాయన భద్రతా మండలికి ఆ కర్మాగారపు పాత కాగితాల్లో 1967 నాటి ఉత్తరాలు దొరికాయి. చక్కెర దుమ్ము పేలితే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుందని మేనేజర్లు అప్పుడే ఆందోళన పడ్డారు. వాళ్లకు తెలిసిన సంగతి నలభై ఏళ్లలో చీపురు పట్టుకునే మనిషి దాకా రాలేదు.

ఏటా ఏప్రిల్ 28న పనిలో ప్రాణాలు పోయినవాళ్లను, గాయపడ్డవాళ్లను తలచుకుంటారు. 1984లో కెనడా ప్రభుత్వరంగ ఉద్యోగుల సంఘం మొదలుపెట్టిన ఈ రోజును 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ పని భద్రతా దినంగానూ జరుపుతోంది. ఆ సంస్థ అంచనా ప్రకారం పని కారణంగా ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారు. ప్రమాదాల్లో పోయేవాళ్లు అందులో 3 లక్షల 30 వేల మంది, మిగతావాళ్లను జబ్బులు తీసుకుపోతున్నాయి. ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము ఆ జబ్బుల కారణాల్లో ఒకటి. దాని కథ వేరే వ్యాసమంత ఉంటుంది. పేలే దుమ్ము విషయంలో మాత్రం తలచుకోవడం అంటే నాకు చాలా నిర్దిష్టంగా కనిపిస్తుంది. నిచ్చెన వేసుకుని దూలం పైదాకా ఎక్కడం, అక్కడి దుమ్మును తీయడం, తీసిన తేదీ రాసిపెట్టడం.

తీసే తీరు కూడా ముఖ్యం. కంప్రెసర్‌తో ‘గాలి కొట్టడం’ మన యూనిట్లలో మామూలు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ అది దుమ్మును తీయడం కాదు, మబ్బుగా లేపడం. ఇందుకోసమే తయారైన, నిప్పురవ్వలు రాని వాక్యూమ్‌తో పీల్చాలి. యంత్రాలకూ పైపులకూ ఎర్తింగ్ సరిగా ఉండాలి, లేకపోతే గొట్టంలో రాసుకుంటూ పోయే పొడే స్థిర విద్యుత్తును పోగుచేసి రవ్వ పుట్టిస్తుంది. బేరింగ్ వేడిని కొలుస్తూ ఉండాలి. డ్రయ్యర్‌కు ఒత్తిడి తట్టుకోలేనప్పుడు తెరుచుకునే పలకలు, ఒక యంత్రంలోని మంట ఇంకో దానిలోకి పోకుండా మూసుకునే కవాటాలు ఉండాలి. ఆ పలకలు మనుషులు తిరగని వైపుకే తెరుచుకోవాలి. ఇవన్నీ కొత్త సంగతులేం కావు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షను ఈ దారే చెప్పింది: పేలే స్వభావమున్న దుమ్ము పుట్టే యంత్రాన్ని మూసి ఉంచాలి, దుమ్మును పేరుకోనివ్వకూడదు, నిప్పు పుట్టే ప్రతిదాన్నీ దూరం పెట్టాలి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే రాసుకున్నాం.

ఏ పొడి ఎంత తీవ్రంగా పేలుతుందో కొలిచే పరీక్ష కూడా ఉంది. 20 లీటర్ల ఉక్కు గోళంలో పొడిని గాలితో ఎగజిమ్మి, మధ్యలో అంటించి, ఒత్తిడి ఎంత వేగంగా పెరిగిందో నమోదు చేస్తారు. మందుల పొడులు, మసాలాలు, పిండ్లు, ప్లాస్టిక్ పొడులు చేసే ప్రతి యూనిట్ తన పొడికి ఈ పరీక్ష చేయించాలి. ఫలితం ఫైల్లో దాచకూడదు. పటాన్‌చెరులో, జీడిమెట్లలో, అచ్యుతాపురంలో షిఫ్టుకు దిగేవాళ్లలో ఎంతోమంది కాంట్రాక్టు మీద నిన్నగాక మొన్న చేరినవాళ్లు. తెలుగు చదవలేనివాళ్లూ వాళ్లలో ఉన్నారు. ‘ఈ పొడి పేలుతుంది, ఇంత మందం పేరుకుంటే పని ఆపండి’ అన్న రెండు ముక్కలు హిందీలో, ఒడియాలో, తెలుగులో డ్రయ్యర్ పక్క గోడ మీద ఉండాలి. ఆపినవాడి కూలి కోయకూడదన్న మూడో ముక్క కూడా దాని కిందే రాసి, మేనేజరు సంతకం పెట్టాలి.