కుట్టు విప్పితే పువ్వు!

వెండితెర మీద హీరోగారు కొత్తరకం చొక్కా తొడుక్కుని ఒక పాట పాడారంటే చాలు, నెల తిరక్కుండా ఆ చొక్కా మన వీధిలో నడుస్తూ కనిపిస్తుంది! ఆయన క్రాపు దువ్వెనతో వచ్చేస్తుంది. ఆయన నడక అద్దం ముందు ప్రాక్టీసు చేస్తే వచ్చేస్తుంది. చొక్కా మాత్రం డబ్బు పెడితేగాని రాదు. చిక్కంతా అక్కడే!

ఆ చిక్కు నాకూ వచ్చింది. అప్పుడు నేను వనపర్తిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సినిమా పేరు చెప్పను, హీరో పేరూ చెప్పను. చెబితే నా వయసు మీకు తెలిసిపోతుంది! పాటలో ఆయన వేసుకున్న ఎర్ర చొక్కా నిండా తెల్లటి సూర్యుళ్ళు. అలాంటిది కొనిపెట్టమని మా నాయినను అడిగే ధైర్యం నాకు లేదు. దండెం మీద ఆయన చొక్కా ఆరుతోంది. పెళ్ళిళ్ళకీ పండగలకీ వేసుకునే ఒకే ఒక్క తెల్ల టెర్రికాట్ చొక్కా. ఇంకేం! కిరాణా కొట్లో ఎర్రరంగు పొట్లం కొన్నాను. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి చొక్కాకి అక్కడక్కడ చుట్టాను. కాగే నీళ్ళలో ముంచాను. గంట తర్వాత విప్పి చూస్తే సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు... చొక్కా అంతా మరకలు మరకలుగా చప్పిడి గులాబి రంగు!

"ఏం జేస్తివిరా!" అంది మా అక్క నోటిమీద చెయ్యేసుకుని.

సాయంత్రం నాయిన వచ్చాడు. చొక్కా చూశాడు. నన్ను చూశాడు. ఏమీ అనలేదు. ఆ వారంలోనే ఒక పెళ్ళికి అదే చొక్కా తొడుక్కుని పోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది!

ఆ పాపం కడుక్కోవడానికే ఈ వ్యాసం అనుకోండి. ఆ రోజు నాకు తెలియని సంగతులు రెండే రెండు. బట్ట సంగతి ఒకటి, బిగింపు సంగతి ఒకటి. ఈ రెండూ తెలిస్తే గద్వాలలో ఉన్నా, నాగర్‌కర్నూలులో ఉన్నా, మీ పెట్టెలో మూలపడ్డ తెల్ల చొక్కా హీరో చొక్కా అయిపోతుంది.

బట్ట కులం కనుక్కోండి

టెర్రికాట్ అంటే పాలియెస్టరూ నూలూ కలిపి నేసిన బట్ట. నూలుకు పట్టే రంగు పాలియెస్టరుకు పట్టదు. నా చొక్కాలో నూలు పోగులు రంగు తాగాయి, పాలియెస్టరు పోగులు తాగలేదు. అందుకే ఆ చప్పిడి గులాబి!

ఈ సంగతి మన గద్వాల నేతగాళ్ళకు ఎప్పుడో తెలుసు. గద్వాల చీర ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకీ పట్టుకీ రంగు తాగే తీరు వేరు. అందుకని దేని పోగులకు దానికి విడిగా రంగు వేసుకుని, ఆ తర్వాత మగ్గం మీద ఒళ్ళు పోగునీ అంచు పోగునీ ఒకదానిలో ఒకటి మెలివేస్తూ కలుపుతారు. ఆ నేతనే కుప్పడం అంటారు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి జోడు పంచెలు నేసి పంపే ఊరది. 2016లో జిల్లాలు వేరై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దేనికది అయినా, పత్తి చేలూ మగ్గాల చప్పుడూ తెలియని పాలమూరు పిల్లలుంటారా?

మీ చొక్కా అచ్చమైన నూలో కాదో తేల్చుకోవడం సులువే. లోపలి కుట్టు మడతలోంచి ఒక్క పోగు లాగండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, నీళ్ళ పళ్ళెం మీద పట్టుకుని అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలియెస్టరు ఉన్నట్టే. పూస కట్టిన చొక్కాను మళ్ళీ దండెం మీదే వదిలేయండి. నా మాట వినండి!

కౌబాయ్ మెడలో మన మాట

కట్టి రంగు వేయడం అమెరికా ఫ్యాషనని చాలామంది భ్రమ. 1969 ఆగస్టులో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం తర్వాత హిప్పీల రంగుల చొక్కాలు లోకమంతా తిరిగిన మాట నిజమే. అసలు కథ మాత్రం మన దగ్గరిదే. 1971లో మన కృష్ణగారు 'మోసగాళ్ళకు మోసగాడు'తో తెలుగు తెరకు కౌబాయ్‌ని తెచ్చారు కదా! హాలీవుడ్ కౌబాయ్‌లు మెడకు చుట్టుకునే రుమాలును బండానా అంటారు. ఆ మాట పుట్టింది హిందీలోని 'బాంధ్‌నూ' నుంచి. అంటే కట్టడం! బట్టను చిటికెడు చిటికెడుగా పట్టి దారంతో కట్టి రంగులో ముంచే బాంధనీ పని రాజస్థాన్, గుజరాత్‌లలో ఇప్పటికీ ఉంది.

మన తెలుగువాళ్ళు ఇంకో మెట్టు పైకెక్కారు. పోచంపల్లిలో బట్ట నేశాక కట్టరు, నేయకముందే పోగులను కడతారు! తెల్లగా ఉండవలసిన చోట లెక్కప్రకారం బిగించి రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచి, ఆఖరున మగ్గమెక్కిస్తారు. దీన్ని చిటికి అంటారు. వాళ్ళు కట్టడానికి వాడేదేమిటో తెలుసా? సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలే! అంటే నేను పెట్టిన రబ్బరులో తప్పు లేదు, పెట్టిన చేతిలోనే తప్పు.

కట్టడానికి బదులు సూదితో కుట్టి బిగించడం ఇంకో దారి. జావాలో దీన్ని త్రితిక్ అంటారు. జపాన్‌లో ఇది షిబోరి కుటుంబంలో ఒకటి. కట్టుతో గుండ్రటి చుక్కలు, వలయాలే ఎక్కువగా వస్తాయి. కుట్టుతో అయితే ఆకు, పువ్వు, చేప, నెలవంక, మీ పేరులో మొదటి అక్షరం... పెన్సిలుతో గీయగలిగిందల్లా వస్తుంది.

అక్క చేతి కుట్టు

గులాబి చొక్కా గొడవ సద్దుమణిగాక అక్క నన్ను పిలిచింది. చేతిలో నా పాత బడి చొక్కా. అచ్చమైన నూలు, కాలరు దగ్గర పసుపుపచ్చగా మారింది.

"దీనికి ఎవ్వరూ ఏడ్వరు. కూసో, చెప్పినట్టు జెయ్యి" అంది.

ఆ రోజు అక్క చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ముందు చొక్కాను వేడినీళ్ళలో సబ్బుతో ఉతకండి. గంజి మిగిలితే రంగు ఎక్కదు. ఆరాక పెన్సిలుతో సన్నగా బొమ్మ గీయండి. మొదటిసారికి ఆకు మంచిది. బట్టను ఆకు నడిమి ఈనె దగ్గర మడవండి, మడత మీద సగం ఆకు గీయండి, రెండు పొరలూ కలిపి కుట్టండి. విప్పితే రెండు వైపులా సమానంగా నిండు ఆకు!

దారం గట్టిది కావాలి. పాలియెస్టరు దారం మేలు. ఇక్కడ మాత్రం దాని మొండితనం మనకు లాభం. తెగదు, రంగూ తాగదు. రెండు పేటలుగా తీసుకుని చివర పెద్ద ముడి వేయండి. ముడి బట్టలోంచి జారిపోతుంటే చిన్న గుడ్డపీలిక కలిపి ముడేయండి. దర్జీలు అసలు కుట్టుకు ముందు వేసే పచ్చికుట్టు చూశారుగా, అదే కుట్టు. పైకీ కిందికీ అరసెంటీమీటరు చొప్పున. వెనక్కి తిప్పి కుట్టకండి, దారం జారదు. చివర జానెడు దారం వదిలేయండి. తెలుపు ఎక్కువ కావాలంటే మొదటి గీతకు సెంటీమీటరు ఎడంగా లోపల ఇంకో వరస, దానికింకో వరస వేయండి.

అన్ని గీతలూ కుట్టడం అయ్యేదాకా ఒక్క దారమూ లాగకూడదు. ముందే లాగితే బట్ట ముడుచుకుపోయి రెండో గీత కుట్టలేరు. అంతా అయ్యాక చొక్కాను నీళ్ళలో తడిపి పిండండి. తడి బట్ట బాగా బిగుస్తుంది. పైగా మడతల్లోకి రంగు త్వరగా దూరదు. ఇప్పుడు ఒక్కో దారం లాగండి. కుచ్చులు ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో సందు కనిపించనంతగా లాగి మూడు ముళ్ళు వేయండి.

ఇక్కడే ఉంది మొత్తం రహస్యం! రంగు బొమ్మ గీయదు. రంగు తాకని చోటే బొమ్మ. మీరు బిగించినంతే తెలుపు, వదులు చేసినంత మసక. నేను మొదటి దారం లాగాక అక్క వేలితో తట్టి చూసింది. "వదులుంది. మళ్ళ గుంజు" అంది. వేళ్ళు కోసుకుపోతున్నాయన్నాను. "కోసుకుపోనీ. నాయిన అంగి గుర్తు తెచ్చుకో" అంది. ఇంకేమంటాను!

రంగు లెక్క

మేమప్పుడు కాగే నీళ్ళలో ఉడికించే రంగు పొట్లమే వాడాం. ఇప్పుడు మీకు అంతకన్న మంచిది దొరుకుతుంది. నూలుకు చల్లనీళ్ళలో వేసే రియాక్టివ్ రంగు కావాలని రంగుల కొట్లో అడగండి. 1956లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో ఈ జాతి రంగులను మార్కెట్లోకి తెచ్చింది. పొయ్యి అక్కర్లేదు. ఈ రంగు నూలుకు పైపైన అంటుకోదు, పోగుతోనే కలిసిపోతుంది. అందుకే ఉతికినా నిలుస్తుంది.

చొక్కా 200 గ్రాములుంటే లెక్క ఇది: నీళ్ళు 4 లీటర్లు, రంగు 4 గ్రాములు (ముదురు కావాలంటే 8), ఉప్పు 200 గ్రాములు, బట్టల సోడా 80 గ్రాములు. బట్టల సోడా అంటే వాషింగ్ సోడా. వంట సోడా కాదు! అమ్మను అడక్కుండా వంటింట్లో డబ్బా ఎత్తుకొచ్చారో, రంగు మొత్తం మురిక్కాలువ పాలే.

ప్లాస్టిక్ బకెట్లో రంగూ ఉప్పూ కలిపి, తడిపి బిగించిన చొక్కా ముంచి, అరగంటపాటు అప్పుడప్పుడూ తిప్పండి. చొక్కా బయటికి తీయండి. సోడాను విడిగా కాసిని వేడినీళ్ళలో కరిగించి బకెట్లో కలిపి, మళ్ళీ చొక్కా వేయండి. ఇంకో గంట. ఉప్పు రంగును బట్ట దగ్గరికి తోస్తుంది, సోడా రంగుకీ నూలుకీ ముడివేస్తుంది. ఒకటి పెళ్ళిళ్ళ పేరయ్య, ఒకటి పురోహితుడు!

చేతులకు తొడుగులు, రంగు పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు. వంట గిన్నెలు ముట్టకండి. అల్యూమినియం అసలే వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. మిగిలిన నీళ్ళు బావి దగ్గరా, చెరువులోనా పోయకండి.

గంట అయ్యాక కుట్లు విప్పకుండానే చల్లనీళ్ళలో జాడించండి. నీళ్ళు కాస్త తేటపడ్డాక నీడలో ఆరేయండి. తడి మీద విప్పితే విడి రంగు తెలుపు మీదికి పాకుతుంది. సగం ఆరాక ముడి ఒక్కటే కత్తిరించి దారం లాగండి. తొందరపడి కత్తెర బట్టలో దించకండి. ఆఖరున వేడినీళ్ళలో సబ్బుతో నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఉతకండి. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగానే.

వేలు తెగితేగాని...

ఆ రోజు ఒక్క ఆకు కుట్టడానికి నాకు గంటన్నర పట్టింది. జేబు పక్కన మూడు ఆకులు. రాత్రికి నా వేళ్ళు ఎర్రగా వాచాయి. ఇదంతా చాలా ఏళ్ళ తర్వాత, 2019లో 'మల్లేశం' సినిమా చూస్తుంటే మళ్ళీ కళ్ళముందు కదిలింది. మీలో చాలామంది చూసే ఉంటారు. రాజ్ దర్శకత్వంలో ప్రియదర్శి చింతకింది మల్లేశంగారి పాత్ర వేశారు, ఝాన్సీ తల్లి లక్ష్మి పాత్ర వేశారు. చిటికి చీరకు రంగు వేయకముందే ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రాకారంగా దిగేసిన మేకుల చుట్టూ చేత్తో పోగు తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ కొడుకు ఏళ్ళతరబడి తంటాలుపడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా కోసం పుట్టించిన కథ కాదది, అప్పటి మన పక్క జిల్లా కథ.

చిటికి డిజైనును మిషను మీద అచ్చువేసిన బట్ట చవగ్గా దొరుకుతుంది. చేత్తో చేసినదాని ధర వినగానే "అమ్మో, అంతా?" అంటాం. మూడు ఆకులు కుట్టి వేళ్ళు వాచినవాడు ఆ మాట అనలేడు. నేనూ అప్పట్నుంచి అనలేదు. మీరు సరదాగా ఒక్క చొక్కాకు రంగు వేసి చూడండి. హీరో చొక్కా రావడం ఒక లాభం. బజారులో మగ్గం బట్ట పట్టుకున్నప్పుడు మీ వేళ్ళకు దాని వెల తెలియడం రెండో లాభం.

ఇంతకీ నా చొక్కా ఏమైందంటారా? పొద్దున్నే అక్కా నేనూ దారాలు లాగాం. కుచ్చు విడిపోతున్నకొద్దీ ఎర్రటి బట్ట మీద తెల్లటి ఆకు మెల్లగా కళ్ళు తెరిచింది. అంచుల్లో పళ్ళు పళ్ళుగా సూది గుర్తులు. ఇద్దరం ఒక్కసారే అరిచాం!

నాయిన లోపల్నుంచి వచ్చి చొక్కా చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. ఆకు మీద బొటనవేలితో రాశాడు.

"మంచిగుంది. ఇది నాకు పడుతదా?" అన్నాడు.

పట్టదు. చిన్నది. కానీ మరుసటి నెల కూలి డబ్బుల్లోంచి ఆయనే తెల్లటి నూలు బట్ట కొని, తన కొలతకు అంగీ కుట్టించుకొచ్చి, మాట్లాడకుండా అక్క ముందు పెట్టాడు. ఈసారి దారాలు గుంజింది మాత్రం నేను. ఒక్కటి కూడా వదులు కాలేదు!