ఫోన్ స్పేర్ పార్ట్ ఒరిజినలా, కాపీనా? డబ్బులిచ్చే ముందు ఇవి చెక్ చేయండి

డిస్‌ప్లే పగిలి ఏ రిపేర్ షాపుకెళ్లినా వినిపించే మాట ఒకటే: ‘ఒరిజినలే వేస్తాం అన్నా’. కానీ ఆ ఒక్క మాట కింద నాలుగు రకాల పార్ట్స్ అమ్ముడవుతాయి.

1. కంపెనీ పార్ట్: ఫోన్ కంపెనీ తన సర్వీస్ సెంటర్లకు ఇచ్చేది.
2. రీఫర్బిష్డ్: వేరే ఫోన్ నుంచి తీసిన అసలు ప్యానెల్. చాలాసార్లు పైన గ్లాస్ మాత్రమే కొత్తది.
3. ఆఫ్టర్‌మార్కెట్: వేరే కంపెనీ తన సొంత పేరుతో తయారుచేసి అమ్మేది. ఇది మోసం కాదు, రేటు తక్కువ.
4. నకిలీ: ఎవరో తయారుచేసి, మీ ఫోన్ కంపెనీ లోగో వేసి అమ్మేది.

మూడోది తెలిసి వేయించుకుంటే తప్పేం లేదు. దాన్నే మొదటి రకం రేటుకి అంటగడితేనే సమస్య.

డిస్‌ప్లే ఎలా గుర్తుపట్టాలి?

మీది అమోలెడ్ ఫోన్ అయితే చాలా ఈజీ. చీకటి గదిలో పూర్తి నల్లటి ఫోటో ఫుల్ స్క్రీన్‌లో పెట్టి, బ్రైట్‌నెస్ పెంచండి. అమోలెడ్‌లో నలుపు ఉన్నచోట పిక్సెల్స్ ఆగిపోతాయి కాబట్టి వెలుగే రాదు. బూడిద రంగులో మెరిస్తే మీకు వేసింది ఎల్‌సీడీ. స్క్రీన్ లోపల ఉండే ఆప్టికల్ ఫింగర్‌ప్రింట్ పనిచేయకపోయినా, కింది అంచు ముందుకంటే లావుగా కనిపించినా అనుమానించాల్సిందే.

ఐఫోన్ 12, ఆ తర్వాత మోడల్స్‌లో సెట్టింగ్స్ > జనరల్ > అబౌట్ చూడండి. డిస్‌ప్లే, బ్యాటరీ, కెమెరా మార్చి ఉంటే ‘పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ’ కనిపిస్తుంది. ఐఓఎస్ 15.2 నుంచి ఈ ఫీచర్ ఉంది. అక్కడ ‘అన్‌నోన్ పార్ట్’ అని ఉన్నంత మాత్రాన నకిలీ అని తేల్చేయకండి, ఫిట్టింగ్ పూర్తికాకపోయినా అలాగే రావొచ్చు. అలాగే ట్రూ టోన్ పనిచేస్తోంది కదా అని నమ్మేయకండి. పాత స్క్రీన్ డేటాని చిన్న ప్రోగ్రామర్ మెషీన్‌తో కాపీ డిస్‌ప్లేలోకి ఎక్కించొచ్చు.

బ్యాటరీ విషయంలో రాజీ వద్దు

డిస్‌ప్లే కాపీదైతే కలర్స్ పోతాయి, అంతే. బ్యాటరీ అలా కాదు, అది మన జేబులో ఉంటుంది. ఉబ్బినా, లోపల షార్ట్ అయినా మంటలు రావొచ్చు.

మన దేశంలో అమ్మే లిథియం బ్యాటరీకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాని మీద ఐఎస్ 16046 అని, ‘ఆర్’తో మొదలయ్యే నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. నంబర్ నిజమైతే సరిపోదు, దాన్నీ కాపీ కొట్టొచ్చు. యాప్‌లో వచ్చిన తయారీదారు పేరు, బ్యాటరీ మీదున్న పేరు ఒకటేనా చూడండి. అదే సైజులో ఒరిజినల్ కంటే చాలా ఎక్కువ ఎంఏహెచ్ రాసి ఉంటే ఆ నంబర్‌ని నమ్మొద్దు.

చివరగా, హైదరాబాద్ జగదీష్ మార్కెట్ అయినా, మీ ఊరి బస్టాండ్ దగ్గర షాపైనా మూడు అడగండి: పార్ట్ ఏ రకమో బిల్లు మీద రాయమనండి, వారంటీ ఎన్నాళ్లో రాయించుకోండి, పాత పార్ట్ తిరిగి తీసుకోండి. నోటితో ‘ఒరిజినల్’ అనడం తేలిక. అదే మాట బిల్లు మీద రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.